ఏడు ఒకట్లను విరగ్గొట్టిన దేవకృప

ముందు మీరొక పని చేయండి. కాగితం, పెన్సిలు తీసుకుని 4649ని 239తో గుణించండి. యంత్రం వద్దు, చేత్తోనే చేయండి. తప్పు పోకుండా చేస్తే ఏడు ఒకట్లు వరసగా వచ్చి నిలబడతాయి. పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. నాలుగైదు నిమిషాల పని. ఆ నాలుగైదు నిమిషాలు ఖర్చు పెట్టడం నామోషీ అనుకున్న ఒక పెద్దమనిషి వల్ల మా దేవకృప టీచరమ్మ ఉద్యోగం పోయింది. నాకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను. కోపం తెచ్చుకోవద్దని డాక్టరు చెబుతూనే ఉంటాడు. ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినను.

దేవకృప టీచరమ్మ గురించి ఎవరూ ఏమీ రాయలేదు. రాయడానికి ఆమె పెద్ద ఉద్యోగాలేమీ వెలగబెట్టలేదు, జెండాలు పట్టలేదు, జైలుకు పోలేదు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టింది. మెట్రిక్ పాసై, మా వీధి చివర ఉన్న చిన్న మిషన్ బడిలో పదహారేళ్ళు లెక్కలు చెప్పింది. సన్నగా పొడుగ్గా ఉండేది. ఎప్పుడు చూసినా తెల్ల వాయిల్ చీర, కుడి చేతి వేళ్ళకు సుద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అమ్మలక్కలు అడిగితే, "అడగనీకి వచ్చినోళ్ళలో ఒక్కనికి సుత ఎక్కాలు రావు" అనేది. అందరూ నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

ఆమెకు ఆ లెక్కల పిచ్చి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి జకర్యా రైల్వే వర్క్‌షాపులో ఇనుము కోసే లేత్ యంత్రం మీద పనిచేసేవాడు. ఇనప కడ్డీకి మరచుట్టు కోయాలంటే లేత్‌కు ఏ పళ్ళ చక్రం పక్కన ఏ పళ్ళ చక్రం తగిలించాలో లెక్క కట్టాలి. పెట్టెలో ఉండే చక్రాలు ఇరవై చిల్లర. కావలసిన సంఖ్యను ముక్కలు చేస్తే, ఆ ముక్కలు పెట్టెలోని చక్రాల పళ్ళకు సరిపోవాలి. సరిపోతే పని నడుస్తుంది, లేకపోతే కడ్డీ పక్కన పెట్టి కూర్చోవాలి. అందుకని ఆయనకు కనిపించిన ప్రతి సంఖ్యనూ విరగ్గొట్టి చూడటం అలవాటైపోయింది. ఇంజను మీద నంబరు, చర్చిలో పాటల పలక మీద నంబరు, ఏదైనా సరే. విరిగిన సంఖ్యను మంచిది అనేవాడు. విరగనిదాన్ని మొండిది అనేవాడు. పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అని రాస్తారే, ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగింపబడనిది, అదే ఆయన మొండిది.

"మొండిది అని తేలాలంటే చివరిదాక కొట్టి చూడాలె బిడ్డా. సగంల ఆపి మొండిది అన్నోడు సోమరిపోతు" అని కూతురికి చెప్పేవాడట. ఆమె మాకు చెప్పేది. మేం నవ్వుకునేవాళ్ళం. సోమరిపోతులు ఎంత పెద్ద కుర్చీల్లో కూర్చుంటారో మాకు అప్పటికి తెలియదు.

పోలీసు చర్య రోజులు చెబుతాను. నలభై ఎనిమిది సెప్టెంబరు పదమూడు, సోమవారం. బడికి సెలవిచ్చారు. రైళ్ళు ఆగిపోయాయి. సోలాపూరు వైపు నుంచి ఫౌజు వస్తోందని ఒకరు, పోయే ముందు రజాకార్లు ఇళ్ళ మీద పడతారని మరొకరు. మా అమ్మలు తలుపులు బిగించుకుని, బియ్యం డబ్బాలు మంచాల కిందికి తోసి, మమ్మల్ని ఒక్క గదిలోకి చేర్చారు. ఆ గది దేవకృప టీచరమ్మది. క్వార్టర్ల వరసలో అదొక్కటే వెనక గుమ్మం కూడా ఉన్న ఇల్లు. మేం ఏడుగురు ఆడపిల్లలం. నాకు పదమూడేళ్ళు. విమానం చప్పుడు వినిపించిన ప్రతిసారీ అందరం కలిసి ఏడుపు లంకించుకునేవాళ్ళం.

"ఏడుస్తె విమానం ఆగుతదా?" అంది టీచరమ్మ. "సుద్ద తీసుకోండ్రి. ఒక్కొక్కరు గచ్చు మీద ఒక్కొక్క ఒకటి గియ్యుండ్రి. పక్కపక్కన."

గీశాం. ఏడు ఒకట్లు.

"ఇగ దీన్ని విరగ్గొట్టుండ్రి."

ఎలా విరగ్గొట్టాలో కూడా చెప్పింది. ఒక సంఖ్య రెండు ముక్కలయ్యేటట్టయితే చిన్న ముక్క దాని వర్గమూలాన్ని దాటదు. ఈ ఏడు ఒకట్ల వర్గమూలం 1054 చిల్లర. కాబట్టి 1054 దాకా ఉన్న మొండి సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. వాటిలో ఒక్కటైనా శేషం లేకుండా పోతే విరిగినట్టు. ఒక్కటీ పోకపోతే అప్పుడు, అప్పుడే, మొండిది అనాలి. అలాంటివి నూట డెబ్బై ఏడు ఉన్నాయి. ఆమె వాటన్నిటినీ ఒక అట్ట మీద రాసి, వరసగా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచింది. ప్రతి భాగహారమూ రెండుసార్లు చేయాలి. రెండోసారి శేషం వేరుగా వస్తే మూడోసారి.

మూడు పోలేదు. ఏడు పోలేదు. పదకొండు, పదమూడు పోలేదు. విమానం మోగినప్పుడల్లా సుద్ద పారేసి మూలకు చేరడం, మళ్ళీ మొదటినుంచి చేయడం. సోమవారం, మంగళవారం, బుధవారం గడిచిపోయాయి. గచ్చు నిండిపోతే గోడలెక్కాం. మధ్యలో రోసమ్మ, అంటే టీచరమ్మ తల్లి, జొన్న రొట్టెలు, చింతపండు పచ్చడి పెట్టేది. "ఫౌజోళ్ళు వచ్చి గోడలు చూస్తె మనల్నే పిచ్చోళ్ళనుకుంటరు" అని గొణిగేది. గురువారం మధ్యాహ్నం, వరసలో మూడోదాన్నయిన నాకు 239 వచ్చింది. నాలుగు సార్లు పోయి 155 మిగిలింది. ఆరు సార్లు పోయి 117. నాలుగు సార్లు పోయి 215. కింద ఒకటి దింపితే 2151. తొమ్మిది రెండు వందల ముప్ఫై తొమ్మిదులు సరిగ్గా 2151. శేషం సున్నా.

నేను నమ్మలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ సున్నా. వేలితో చూపించాను. టీచరమ్మ వంగి చూసి, "విరిగిందే!" అని ఒక్క కేక పెట్టింది. ఏడుగురం అందుకున్నాం. ఇంట్లోకి ఎవరో జొరబడ్డారనుకుని రోసమ్మ పచ్చడి నూరే రాయి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది.

ఆ సాయంత్రం జకర్యా పనినుంచి వచ్చి మా గోడలన్నీ చూశాడు. తిట్టలేదు. సుద్ద తీసుకుని ఒకటిని 239తో భాగించడం షురూ చేశాడు. సున్నా, సున్నా, నాలుగు, ఒకటి, ఎనిమిది, నాలుగు, ఒకటి. ఏడో అడుగుకు మళ్ళీ ఒకటే మిగిలింది.

"సూసినవా? ఏడు పళ్ళకు మొదటికొచ్చింది చక్రం. అంటె ఏడు తొమ్మిదులను గిది కోస్తది. ఏడు తొమ్మిదులంటె ఏడు ఒకట్లకు తొమ్మిది రెట్లు. తొమ్మిదిల ఏముంది? మూడు మూళ్ళు. మూడుకు, గీ రెండు వందల ముప్పై తొమ్మిదికి సంబంధం లేదు. ఇగ ఒకట్లను కొయ్యక ఏడికి పోతది?" అన్నాడు. నాకు ఆ రోజు సగమే అర్థమైంది. కానీ ఆ సంఖ్య నా చేతిలో విరిగిందన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది. మర్నాడు సాయంత్రం నిజాం ఫౌజు లొంగిపోయిందని రేడియోలో చెప్పారు. వీధంతా బయటికి వచ్చింది. మేం ఏడుగురం మాత్రం దొరికిన ప్రతి మనిషినీ పట్టుకుని, ఏడు ఒకట్లు రెండు ముక్కలయ్యాయని చెప్పాం. ఎవడికి కావాలి?

మరుసటి ఏడు చలికాలంలో జకర్యా నిమోనియాతో పోయాడు. మనిషి పోతే క్వార్టరు కూడా పోతుంది కదా. గోరుచుట్టు మీద రోకటిపోటు. తల్లీకూతుళ్ళు రాంగోపాల్‌పేటలో ఒక మేడ కింద గది తీసుకున్నారు. అక్కడినుంచి ఆమె రోజూ లాలాగూడ దాకా నడిచి వచ్చేది. ఇద్దరికీ ఆధారం ఆ బడి జీతమే.

అప్పుడే కొత్త ప్రభుత్వం, కొత్త దొరలు, కొత్త నిబంధనలు. ట్రైనింగు లేని టీచర్లందరూ పరీక్ష పాసు కావాలి, లేకపోతే ఇంటికే. రాత పరీక్ష ఒకటి, అధికారి ముందు పాఠం చెప్పి చూపించే పరీక్ష ఒకటి. నిబంధన తప్పని నేననను. లెక్కలు రాని లెక్కల టీచర్లు మా చుట్టుపక్కల ఉండేవారు. రాత పరీక్షలో దేవకృప టీచరమ్మకు తొంభై ఆరు మార్కులొచ్చాయి. ఇక మిగిలింది పాఠం.

ఆ ఏడే బడికి కొత్త అంకగణితం పుస్తకం వచ్చింది. రాసినాయన సదాశివరావు గారు. కోస్తా నుంచి వచ్చిన విద్యాధికారి. ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేననను, మా డ్రిల్లు మాస్టారు దేవానందం గారు గుంటూరు మనిషే, వెన్నలాంటివాడు. కానీ ఈ సదాశివరావు గారు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ప్రధాన సంఖ్యల పట్టిక వేశాడు. పదేసి చొప్పున ఐదు వరసలు, మొత్తం యాభై. అప్పట్లో కాగితం కరువు. పేజీ అక్కడితో అయిపోయింది, పట్టిక కూడా 229 దగ్గర ఆగిపోయింది. ఆగిపోతే పోయింది, తప్పు లేదు. ఆయన కిందనే ఇలా రాశాడు. "పై పట్టికలోని ఏ సంఖ్యతోనూ నిశ్శేషముగ భాగింపబడనందున 1111111 ప్రధాన సంఖ్య యని తెలియుచున్నది."

తెలియుచున్నదట! 229 తరవాత 233. దాని తరవాత 239. ఇంకో రెండంటే రెండు సంఖ్యలు కొట్టి చూసుంటే చాలు. పేజీ అయిపోయింది కాబట్టి సంఖ్యలు కూడా అయిపోయాయనుకున్నాడు. మా బడి పిల్లలు ఎవరూ అలాంటి తప్పు చేసేవారు కాదు, చేస్తే టీచరమ్మ స్కేలుతో వేళ్ళ మీద కొట్టేది.

ఆమె మర్యాదగా ఒక ఉత్తరం రాసింది. గుణకారం మొత్తం చేసి చూపించింది. జవాబు లేదు. మూడు నెలలు చూసి రెండోది రాసింది. దానికీ లేదు. పాఠం పరీక్షకు వచ్చే అధికారి ఎవరో తెలిసిన రోజు హెడ్మిస్ట్రెస్ మేబెల్ గారికి గుండె జారిపోయింది. సదాశివరావు గారే.

మేబెల్ గారు మంచి మనిషి, పిరికి మనిషి. టీచరమ్మను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి బతిమాలుతుంటే నేను వరండాలో నోటుపుస్తకాలు సర్దుతున్నాను.

"దేవకృపా, ప్లీజ్. ఒక్క గంట. ఆ పేజీ తెరవకు. క.సా.గు. చెప్పుకో. ఆయన సంతకం పెట్టి పోతాడు. రోసమ్మ గారి సంగతి ఆలోచించు."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"సరే మేడమ్" అంది టీచరమ్మ. "ఆ పేజీ తియ్య."

తరగతికి వచ్చి మాతోనూ చెప్పింది. "రేపు ఆ సారు గా పేజీల నుంచి ఏమన్న అడిగితె ఎవ్వరు చెయ్యెత్తొద్దు. నోరు మూసుకొని కూసోండ్రి." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మా వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూసింది. ఆమె అలా చూడటం అదే మొదటిసారి. నాకు ఆయన మీద అప్పుడే ఒళ్ళు మండిపోయింది. ఆమె లాంటి మనిషి చేత ఆ మాట అనిపించాడు కదా అని.

వెయ్యిన్ని తొమ్మిది వందల యాభై ఒకటి, జనవరి. సదాశివరావు గారు వచ్చారు. తెల్లటి పంచె, ఇస్త్రీ మడత నలగని కోటు, చేతిలో తన పుస్తకమే. కుర్చీ వేస్తే కూర్చోకుండా టీచరమ్మను ఎగాదిగా చూశారు.

"ఉత్తరాలు రాసేది మీరేనా అమ్మా?"

"నేనే సార్."

"దస్తూరీ బాగుంది" అన్నారు. అని కూర్చున్నారు.

అంటే రెండు ఉత్తరాలూ చేరాయి. చదివాడు. చదివి, ఊరుకున్నాడు. ఆ రోజు నాకు పదిహేనేళ్ళు, అయినా ఆ మాట విన్నాక ఆయన్ను గౌరవించాలన్న బుద్ధి పూర్తిగా పోయింది. ఇక నుంచి గారు అనను.

టీచరమ్మ పాఠం చెప్పింది. అంత చక్కగా ఆమె ఎప్పుడూ చెప్పలేదేమో. తండ్రి పెట్టెలోంచి తెచ్చిన రెండు పళ్ళ చక్రాలు బల్ల మీద పెట్టింది. ఒకదానికి ఇరవై నాలుగు పళ్ళు, రెండోదానికి ముప్ఫై ఆరు. రెండింటి మీదా ఎదురెదురు పళ్ళకు సుద్ద పెట్టి, తిప్పుతూ, ఆ రెండు సుద్దలు మళ్ళీ ఎప్పుడు కలుసుకుంటాయో మా చేత లెక్కపెట్టించింది. డెబ్బై రెండో పన్నుకు కలిశాయి. వెనక బెంచీలో పర్వతాలు అనే పిల్ల ఉండేది, మూడేళ్ళుగా క.సా.గు. అంటే ఏమిటో దానికి ఎక్కలేదు. అది కూడా చప్పట్లు కొట్టింది. సదాశివరావు తల ఊపాడు. మేబెల్ గారు ఊపిరి పీల్చుకోవడం ముందు బెంచీలో ఉన్న నాకు వినిపించింది.

అయిపోయిందనుకున్నాం. ఆయన కలం మూత తీశాడు. తీసి, ఆగి, పుస్తకం తిరగేశాడు. నలభై ఒకటో పేజీ. వేలు పెట్టి నన్ను చూపించాడు.

"ఏవమ్మాయ్, లేచి నిలబడు. ఏడు ఒకట్లు వేస్తే వచ్చే సంఖ్య ఉంది. అది ఎలాంటి సంఖ్య?"

తెలియక అడగలేదు. నన్ను అడుగుతూ ఆమె వైపు చూస్తున్నాడు. పరీక్ష నాది కాదు, ఆమెది. తల వంచుతుందా లేదా అని చూస్తున్నాడు. చెయ్యెత్తొద్దని చెప్పింది టీచరమ్మ, కానీ నేను చెయ్యెత్తలేదు, నన్ను లేపాడు. "తెలియదు సార్" అనవచ్చు. ఆ మాట నాకు తట్టనే లేదు. రాంగోపాల్‌పేట గదిలో మంచం మీద దగ్గుతూ ఉండే రోసమ్మ గుర్తొచ్చింది. ఆయన చేతిలో మూత తీసిన కలం కనిపించింది.

"ప్రధాన సంఖ్య, సార్" అన్నాను.

"శభాష్" అన్నాడు. నవ్వాడు. కాగితం మీద కలం పెట్టాడు.

"ప్రేమమణీ, బోర్డు కాడికి రా" అంది టీచరమ్మ.

ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. నేను కదలలేదు. మేబెల్ గారు దగ్గారు. టీచరమ్మ సుద్ద చాపి నా వైపు చూస్తూ నిలబడింది. వెళ్ళి అందుకున్నాను.

"నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిదిని రెండు వందల ముప్పై తొమ్మిదితోని గుణించు."

చేశాను. తొమ్మిదితో 41841. ముప్ఫైతో 139470. రెండు వందలతో 929800. గీత గీసి మూడింటినీ కలిపాను. ఏడు ఒకట్లు. చివరి ఒకటి వంకరగా వచ్చింది.

"ఏందిది? ప్రధాన సంఖ్యనా?" అని నన్నే అడిగింది. ఆయన్ను కాదు.

"కాదు టీచరమ్మా."

"కూసో."

సదాశివరావు లేచాడు. ముఖం ఎర్రబడింది. "పిల్లకి ఒకటి నేర్పి, పరీక్షాధికారి ముందు ఇంకొకటి చేయిస్తారా? ఇది ప్రభుత్వం ఆమోదించిన పుస్తకం. తెలుసా మీకు?"

"ప్రభుత్వం ఆమోదిస్తె సంఖ్య ఊకుంటదా సార్? జెర ఒక్కసారి మీరే గుణించి చూడుండ్రి."

అదిగో, ఆ నాలుగైదు నిమిషాలు. సుద్ద ఆయన ముందుకు చాపింది. బోర్డు ఎదురుగా ఉంది. లెక్క తప్పయితే తప్పని చూపించవచ్చు. ఆయన సుద్ద తీసుకోలేదు. డస్టరు తీసుకుని, ఒక విద్యాధికారి, అంకగణితం పుస్తకం రాసిన మనిషి, తన చేత్తో ఆ ఏడు ఒకట్లనూ తుడిచేసి వెళ్ళిపోయాడు. సిగ్గులేని మనిషి.

పది రోజులకు కాగితం వచ్చింది. "పాఠ్యపుస్తకమును అనుసరించదు. తరగతిలో క్రమశిక్షణ లేదు." మార్చి నెలాఖరుతో దేవకృప టీచరమ్మ ఉద్యోగం అయిపోయింది. మేబెల్ గారు ఏడ్చారు. ఏడవడం తప్ప ఏమీ చేయలేదు. మిగతా టీచర్లలో ఒకావిడ, పేరెందుకు లెండి, "పంతానికి పోయి పొట్ట మీద కొట్టుకుంది" అంది. బడి కమిటీలో పెద్దలు ప్రార్థన చేస్తామన్నారు. ఒక్కడంటే ఒక్కడు కాగితం తీసుకుని గుణించలేదు.

ఆమె ఇంట్లోనే ట్యూషన్లు పెట్టింది. సర్టిఫికెట్టు లేని టీచరు దగ్గరికి ఎందరు పంపుతారు? ముగ్గురో నలుగురో వచ్చేవారు. తెల్లవారుతూనే బోయిన్‌పల్లి వైపు ఒక నర్సు ఇంట్లో ఇద్దరు పిల్లలకు చెప్పడానికి వెళ్ళి, ఎండెక్కాక తిరిగి వచ్చి, మధ్యాహ్నం జాకెట్లు కుట్టేది. రోసమ్మ మందులు ఒక నెల ఉండేవి, ఒక నెల ఉండేవి కావు. నేను ఆ వైపు వెళ్ళడం తగ్గించాను. ఎందుకని అప్పుడు నన్నెవరైనా అడిగితే చదువు ఎక్కువైందని చెప్పేదాన్ని.

యాభై రెండు సెప్టెంబరులో ఆ పుస్తకం రెండో ముద్రణ చూశాను. దుకాణంలో నిలబడి నలభై ఒకటో పేజీ తీశాను. పట్టిక పెరిగింది. యాభై పోయి అరవై అయ్యాయి, 281 దాకా. కింద ఇలా ఉంది. "చూచుటకు ప్రధాన సంఖ్య వలె కన్పట్టు 1111111ను 239 × 4649గా విడదీయవచ్చునని విద్యార్థులు గమనించవలెను." ముందుమాటలో, తాను స్వయంగా శ్రమించి కనుగొన్న కొన్ని ఉదాహరణలు ఈ ముద్రణలో చేర్చానని కూడా రాసుకున్నాడు.

స్వయంగా! మా ఏడుగురి గచ్చు, మా గోడలు, జకర్యా సుద్ద, ఆమె రెండు ఉత్తరాలు. ఆమెను రోడ్డున పడేసి, ఆమె లెక్కను కోటు జేబులో వేసుకున్నాడు. దుకాణం వాడితో కూడా అరిచానట, నాకు గుర్తు లేదు. పుస్తకం కొని రాంగోపాల్‌పేట దాకా నడిచాను. ఆ నెలలో వీధుల్లో విద్యార్థులు ఊరేగింపులు తీస్తున్నారు, నౌకరీలు మావి, బయటివాళ్ళు వెళ్ళిపోవాలని. ఆ కేకలు నా కడుపులోంచి వస్తున్నట్టే ఉన్నాయి. వాళ్ళతో కలిసి రెండు వీధులు అరిచాను కూడా.

గదిలో ఆమె కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టాను. ఊపిరి అందకుండా అంతా చెప్పాను. ఆమె ఆ పేజీ నెమ్మదిగా చదివింది.

"నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది ఇంక విరగదని రాయలే" అంది. "అరవై ఏడు దాక కొట్టి చూడాలె. చూసిండో లేదో."

"టీచరమ్మా! మీకు కోపం రాదా?"

"వస్తది."

"మరి ఆ మనిషిని ఊకనే వదిలిపెడ్తరా? బయటినుంచి వచ్చి మన నోటికాడిది గుంజుకొని..."

"ఆయన మీద కాదు" అంది. "నీ మీద."

నాకు అర్థం కాలేదు. ఆమె పుస్తకం మూసి నాకు ఇచ్చేసింది.

"ఆయన బయటోడు, నిజమే. ఆయనకు నేను పాఠం చెప్పలే. నువ్వు లాలాగూడ పిల్లవు. నీ చేత్తోని విరగ్గొట్టినవు. నాలుగు దినాలు గోడల మీద కొట్టి కొట్టి విరగ్గొట్టినవు. తెలిసి తెలిసి ఎట్ల చెప్పినవే గా మాట?"

"మీ నౌకరి పోతదని..."

"నా నౌకరి కోసం అబద్ధం చెప్పుమని నేను అడిగిన్నా?" ఆమె గొంతు మొదటిసారి లేచింది. వెనక మంచం మీద రోసమ్మ కళ్ళు తెరిచింది. "అడిగిన. అవును, నేనే అడిగిన. నోరు మూసుకొమ్మన్న. పదహారేండ్లు చివరిదాక కొట్టి చూడుండ్రని చెప్పి, ఒక్క సంతకం కోసం నోరు మూసుకొమ్మన్న. నేను షురూ చేసింది నువ్వు పూర్తి చేసినవు. నువ్వు 'ప్రధాన సంఖ్య సార్' అంటుంటె నాకు నా గొంతే వినపడ్డది. గందుకే బోర్డు కాడికి పిలిచిన. ఆయనకు చూపియ్యనీకి కాదు."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. మిషను మీద ఉన్న జాకెట్టు చెయ్యి తిప్పి, సూది కింద పెట్టి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి లేచి వచ్చేశాను.

ఆమె అరవై ఎనిమిదిలో పోయింది. నేను ముప్ఫై రెండేళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ సంగతి స్టాఫ్ రూముల్లో, పెళ్ళిళ్ళలో, రైళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ, ఆయన అడగ్గానే నేనే నిలబడి "కాదు సార్, అది విరుగుతుంది" అన్నానని చెప్పేదాన్ని.